మిద్దె తోట పూల మీద బుల్లి కందిరీగలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మిద్దె తోటలు పెరిగేకొద్దీ ఈ ప్రశ్నలూ పెరిగాయి. కొత్తిమీర పూతకొచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్‌లో మసక ఫోటో పంపి "ఇదేం పురుగండీ, మందు కొట్టాలా?" అని అడుగుతారు. చాలాసార్లు అది పరాన్నభుక్కు కందిరీగే, అంటే వేరే పురుగును తిని పెరిగే కందిరీగే అయ్యుంటుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇక్కడ జాతుల పేర్లు తక్కువే ఉంటాయి. కుటుంబం దాకా ఎలా గుర్తుపట్టాలి, అక్కడ ఆగడం ఎందుకు మంచిది అన్నదే ఎక్కువ.

కందిరీగంటే పెద్దగా, పసుపుగా, కుట్టేది కదా? ఈ చీమంత పురుగు కందిరీగ ఎలా అవుతుంది?

సన్‌షేడ్ కింద గూడు కట్టి మనల్ని తరిమే పసుపు కందిరీగ ఆ వంశంలో ఒక చిన్న శాఖ మాత్రమే. గూడు, గుంపు, రాణి ఏమీ లేకుండా ఒంటరిగా బతికే పరాన్నభుక్కులదే అసలు మెజారిటీ. ఇక్నుమోనిడ్‌లు అనే ఒక్క కుటుంబంలోనే ఇప్పటిదాకా 25 వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. దాని పక్క కుటుంబం బ్రాకోనిడ్‌లలో సుమారు 20 వేలు. కాల్సిడ్‌లనే బుల్లి కందిరీగల సముదాయంలో 20 వేలు ఎప్పుడో దాటాయి, ఇంకా పేరు పెట్టనివి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయని అంచనా. పరిమాణం సంగతికొస్తే, ప్రపంచంలో తెలిసిన అతి చిన్న కీటకం కూడా వీటిలోదే. అమెరికాలో దొరికిన ఒక జాతి మగది 0.14 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. దానికి రెక్కలూ లేవు, కళ్లూ లేవు.

వీటి బతుకు తీరు ఒక్కటే. తల్లి వేరే పురుగు మీదో లోపలో గుడ్డు పెడుతుంది, పిల్ల దాన్ని తిని పెరుగుతుంది, చివరికి ఆ పురుగు చస్తుంది. తలలో పేను మనిషిని చంపదు. ఇవి మాత్రం ఆశ్రయమిచ్చిన పురుగును తప్పకుండా చంపుతాయి. రైతులు మిత్ర పురుగులు అనేది ఇలాంటివాటినే.

కుడతాయా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

పూల మీద కనిపించే బుల్లివి కుట్టవు. వెనక సూదిలా కనిపించేది గుడ్లు పెట్టే గొట్టం, దాంతో మన చర్మానికి ఏమీ కాదు. రెండు మినహాయింపులున్నాయి. రాత్రి లైటుకు వచ్చే నారింజ రంగు ఇక్నుమోనిడ్‌లను చేత్తో పట్టుకుంటే చురుక్కుమనిపిస్తాయి. పుచ్చిన పాత చెక్క సామాన్లలోంచి వచ్చే బెతిలిడ్‌లు, చూడ్డానికి చీమల్లా ఉండేవి, కుట్టగలవు. మంచం దగ్గర కారణం తెలియని దద్దుర్లు వస్తుంటే, మంచం కోళ్లలో చెక్క తొలిచే పురుగు ఉందేమో ఒకసారి చూడండి.

ఈగా, తేనెటీగా, రెక్కల చీమా, కందిరీగా? ఎలా చెప్పాలి?

పుస్తకాల్లో ఈగకు రెండు రెక్కలు, కందిరీగకు నాలుగు అని ఉంటుంది. నిజమే గానీ, కందిరీగ వెనక రెక్కలు చిన్న కొక్కేలతో ముందు రెక్కలకు తగులుకుని ఉంటాయి. రెండు మిల్లీమీటర్ల పురుగులో అవి నాలుగని లెక్కపెట్టడం ఫోటోలో అయ్యే పని కాదు. అందుకే ముందు మీసాలు చూడమంటాను. పూల మీద తిరిగే ఈగల మీసాలు పొట్టిగా, ఉన్నాయో లేదో అన్నట్టుంటాయి. కందిరీగ మీసాలు పొడుగ్గా ఉండి, ఒక్క క్షణం ఊరుకోకుండా ఆకునూ పువ్వునూ తడుముతూ ఉంటాయి. ఆ తడుముడు ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు.

బాగా మోసం చేసేవి సిర్ఫిడ్ ఈగలు. పసుపు, నలుపు చారలతో అచ్చం కందిరీగల్లా ఉంటాయి. కానీ గాలిలో ఒకేచోట నిలబడతాయి, తలంతా కళ్లే ఉంటాయి. వాటి పిల్లలు పేనుబంకను తింటాయి కాబట్టి అవీ మనవాళ్లే, చంపొద్దు.

చిన్న తేనెటీగల్లో సెరటీనాలని లోహంలా మెరిసే ఆకుపచ్చ, నీలం రంగువి ఉన్నాయి. రంగు చూసి చాలామంది వాటిని కాల్సిడ్‌లు అనుకుంటారు. తేడా పనిలో తెలుస్తుంది. తేనెటీగ పువ్వులో తల దూర్చి పుప్పొడి పోగేసుకుంటుంది, ఒంటి నూగుకు పసుపు అంటుకుని ఉంటుంది. కందిరీగ పూల గుత్తి మీద నడుస్తూ తేనె నాకి వెళ్లిపోతుంది, ఒళ్లు శుభ్రంగా ఉంటుంది.

రెక్కల చీమలకు నడుము దగ్గర ఒకటో రెండో బొడిపెలు స్పష్టంగా ఉంటాయి. ఇక తొలకరికి లైట్ల చుట్టూ ముసిరే ఉసిళ్లు చెదల జాతివి, వాటికి ఈ ప్రశ్నలతో సంబంధమే లేదు.

సరే, కందిరీగే. ఏ కుటుంబమో ఎలా తెలుస్తుంది?

ముందు రెక్క చూడండి. అందులో ఈనెలు బాగా ఉండి గదులు గదులుగా కనిపిస్తూ, మీసాలు వంపు లేకుండా దారంలా పొడుగ్గా ఉంటే అది ఇక్నుమోనిడ్ గానీ బ్రాకోనిడ్ గానీ అవుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి మళ్లీ రెక్కే సాయం. ఇక్నుమోనిడ్ ముందు రెక్క నడుమ గుర్రం తల ఆకారంలో ఒక పెద్ద గది ఉంటుంది. అక్కడి నుంచి రెక్క కొసవైపు వెళ్తుంటే కిందికి దిగే అడ్డ ఈనెలు రెండు కనిపిస్తాయి. బ్రాకోనిడ్‌లో ఆ రెండో ఈనె ఉండదు. చెప్పడానికి కష్టంగా ఉన్నా, రెక్క పరచుకుని ఉన్న మంచి ఫోటోలో ఒక నిమిషంలో తేలిపోతుంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలతో సెంటీమీటరు పైన ఉండి, ఆకుల మధ్య తీరిగ్గా ఎగిరేది కనిపిస్తే బహుశా శాంతోపింప్లా అనే ఇక్నుమోనిడ్. వరి పొలాల్లో బాగా తెలిసినదే, నగరంలోని తోటలకూ వస్తుంది.

రెక్క దాదాపు ఖాళీగా ఉండి, ముందు అంచు వెంట ఒకే ఒక్క ఈనె ఉంటే కాల్సిడ్‌ల వైపు రండి. వీటి మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. చాలావాటికి ఒంటిమీద ఆకుపచ్చ, నీలం, రాగి రంగు మెరుపు ఉంటుంది. ఇప్పుడు వెనక కాలి తొడ చూడండి. ఒంటికి మించిన లావుతో ఉబ్బి, కింది అంచున పళ్లలాంటివి ఉంటే కాల్సిడిడే కుటుంబం. మన తోటల్లో వీటిలో బ్రాకీమీరియా ఎక్కువ. నల్లటి ఒళ్లు, తొడ మీద పసుపు మచ్చలు. తొడలు అలాగే ఉబ్బి, చూడ్డానికి మాత్రం పసుపు చారల కుట్టే కందిరీగలా ఉండి, గుడ్లు పెట్టే సూదిని వీపు మీదికి మడిచి పెట్టుకుంటే ల్యూకోస్పిస్. ఒంటరి తేనెటీగల కోసం వెదురు గొట్టాలు కట్టిపెట్టినవాళ్లకు ఇది తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ తేనెటీగల పిల్లలే దాని పిల్లలకు తిండి.

ముట్టుకోబోతే ఎగరకుండా టక్కున గెంతితే ఎన్‌సిర్టిడ్ అయ్యే అవకాశం ఎక్కువ, వాటి నడిమి కాళ్లు గెంతడానికే బలిసి ఉంటాయి. యూలోఫిడ్‌నూ టెరోమాలిడ్‌నూ విడదీయాలంటే పాదంలో ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టాలి. నాలుగైతే మొదటిది, ఐదైతే రెండోది. అది మైక్రోస్కోపు పని. మిద్దె మీద భూతద్దం పట్టుకుని అంతదూరం పోనక్కర్లేదు.

మెరుపు లేని నలుపు, మోచేతి మీసాలు, చదునుగా అంచు తేలిన పొట్ట, పైగా ఏ పురుగు గుడ్ల గుంపు మీదో కూర్చుని ఉంటే సీలియోనిడ్ అనే ఇంకో కుటుంబం.

రంగు చెబితే పేరు చెప్పగలరా?

చెప్పలేను. నల్లటి పరాన్నభుక్కులు వేలల్లో ఉన్నాయి.

మరి అన్నిటికంటే పనికొచ్చే ఆధారం ఏది?

అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. పువ్వు మీద పట్టుబడిన కందిరీగ తేనె కోసం వచ్చిన బాటసారి, దాని గురించి ఆ పువ్వు ఏమీ చెప్పదు. పేనుబంకలోంచి, పిండినల్లిలోంచి, ప్యూపాలోంచి (గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) బయటికొచ్చిన కందిరీగకు మాత్రం సగం చిరునామా దొరికినట్టే. కాబట్టి అనుమానంగా ఉన్న ఆకును పురుగుతో సహా తుంచి గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఎండ తగలని చోట పెట్టండి. లోపల తేమ చేరకుండా అడుగున టిష్యూ కాగితం వేయండి. వారం పది రోజుల్లో ఏదో ఒకటి బయటపడుతుంది. రాలేదంటే ఆ పురుగులో పరాన్నభుక్కు లేకపోయి ఉండొచ్చు, లేదా ముందే బయటికి వెళ్లిపోయి ఉండొచ్చు. గుండ్రటి చిల్లు ఉందేమో చూడండి.

ఒక చిక్కు ఉంది. పరాన్నభుక్కు మీద బతికే పరాన్నభుక్కులు కూడా ఉంటాయి. ఒకే సీసాలో రెండు రకాలు వస్తే, రెండోది మొదటిదాన్ని తినడానికి వచ్చింది కావచ్చు.

ఇవి పూల మీదికి ఎందుకు వస్తాయి? ఏ మొక్కలు పెడితే ఎక్కువగా చూడొచ్చు?

పిల్ల దశలో మాంసం, పెద్దయ్యాక తేనె. చాలా జాతుల్లో తల్లి ఎక్కువ రోజులు బతికి ఎక్కువ గుడ్లు పెట్టాలంటే చక్కెర దొరకాలి. వాటి నోరు పొట్టిది, కాబట్టి లోతైన గొట్టాల్లాంటి పూలు పనికిరావు. తేనె పైపైనే అందే చిన్న చిన్న పూల గుత్తులు కావాలి. కొత్తిమీర ముందు వరసలో ఉంటుంది. తర్వాత సోంపు, సోయకూర, ఆవ, కరివేపాకు పూత.

మనవాళ్లు కొత్తిమీర పూతకు రాగానే ఇక పనైపోయిందని పీకి పారేస్తారు. ఒక్క కుండీనైనా వదిలేయండి. ఫిబ్రవరిలో ఎండ ముదిరేసరికి ఎలాగూ అది పూతకు పరుగెడుతుంది. ఆ నాలుగు తెల్ల గుత్తుల మీద పొద్దున అరగంట కూర్చుంటే కనిపించేన్ని రకాలు ఖరీదైన నర్సరీ మొక్కలన్నిటి మీదా కలిపి కనిపించవు. ముద్దబంతి, ముద్దమందారం చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ రేకుల గుట్టలో బుల్లి కందిరీగకు తేనె అందదు. బంతే కావాలంటే ఒంటివరస రేకులది పెట్టండి.

పువ్వే అక్కర్లేని మొక్కలూ ఉన్నాయి. అలసంద తీగకు కాయల కాడల దగ్గర, ఆముదానికి ఆకు కాడ మీద తేనె ఊరే చిన్న గ్రంథులుంటాయి. పూత లేని రోజుల్లో కందిరీగలు అక్కడికే వస్తాయి. పేనుబంక కార్చే జిగురును నాకేవీ ఉన్నాయి. పువ్వు లేని ఆకు మీద తచ్చాడుతుంటే ఆశ్చర్యపోకండి.

చిక్కుడు పాదు నిండా నల్ల పేనుబంక. వాటి మధ్య కొన్ని ఉబ్బి గోధుమ రంగులో కదలకుండా ఉన్నాయి. ఏమైంది?

మంచి వార్త. చలికాలంలో చిక్కుడు, అలసంద, చామంతి పెంచే ప్రతి ఇంట్లోనూ కనిపించేదే. ఆ ఉబ్బినవి చచ్చిన పేనుబంకలు, లోపల కందిరీగ పిల్ల ఉంది. పెంకు గడ్డి రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటే బ్రాకోనిడ్‌లలో అఫిడియస్ కోవకు చెందినవి. నల్లగా ఉంటే కాల్సిడ్‌లలో అఫెలైనస్ కోవ. పెద్ద కందిరీగ బయటపడేటప్పుడు వెనకవైపు గుండ్రంగా కోసి మూతలా తెరుచుకుని వస్తుంది.

ఇలాంటివి గుంపులో పదింటికి ఒకటి కనిపించినా నేనైతే మందు జోలికి పోను. బాగా ముసిరిన కొసలు తుంచి, కొన్ని రోజులు కుండీ పక్కన నీడలో పడేయండి. లోపలివి బయటికి వచ్చే వీలుంటుంది.

మందారానికి పిండినల్లి. కొన్ని తెల్లపొడి రాలిపోయి, గోధుమ రంగులో గట్టిగా, పీపాలా అయ్యాయి. చచ్చాయా?

చచ్చాయి, చంపింది కూడా అక్కడే ఉంది. మన దగ్గర మందారం, బెండ, వంగ, పత్తి మీద కనిపించే పత్తి పిండినల్లిని ఎక్కువగా పట్టేది ఎనేసియస్ అనే ఎన్‌సిర్టిడ్. ఒక్కో పిండినల్లిలో ఒక్కో పిల్ల. పెద్దది నల్లగా, రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది.

దీని పేరుకు ఒక కథ ఉంది. పత్తిలో పిండినల్లి విరుచుకుపడ్డ రోజుల్లో దాన్ని చంపుతున్న ఈ కందిరీగను కొత్త జాతిగా గుర్తించి, అలీగఢ్‌కు చెందిన కాల్సిడ్‌ల నిపుణుడు మహమ్మద్ హయాత్ 2009లో ఎనేసియస్ బంబావలై అని పేరు పెట్టారు. కొన్నేళ్లకు మరికొందరు పరిశీలించి, అది అంతకు ఎంతో ముందే అమెరికా నుంచి వర్ణించిన ఎనేసియస్ అరిజోనెన్సిస్సే అని తేల్చారు. జీవితమంతా కాల్సిడ్‌లే చూసిన నిపుణుల దగ్గరే పేరు ఇలా మారినప్పుడు, ఫోన్ ఫోటో చూసి జాతి పేరు గట్టిగా చెప్పేవాళ్లను నమ్మడం నాకు కష్టం.

బొప్పాయి పిండినల్లిది ఇంకో ఉదాహరణ. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి దక్షిణాదిలో బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను చుట్టేసింది. 2010లో బెంగళూరులోని వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల పరాన్నభుక్కులను తెప్పించి వదిలింది. వాటిలో ఎసిరోఫాగస్ పపాయే బాగా నిలదొక్కుకుని పనంతా చేసేసింది.

మీ మందారం మీద చీమలుంటే ముందు వాటి సంగతి చూడండి. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, కందిరీగను దగ్గరికి రానివ్వవు. కాండం చుట్టూ గుడ్డ కట్టి దానికి గ్రీజు పూస్తే చీమల దారి ఆగుతుంది. గ్రీజు నేరుగా బెరడుకు పూయొద్దు.

పాప నిమ్మ మొక్క మీది సీతాకోకచిలుక పురుగును పెంచింది. ప్యూపా అయ్యాక దానిలోంచి సీతాకోకచిలుక రాలేదు, చిన్న చిన్న ఈగలు వచ్చాయి. ఏం తప్పు చేశాం?

మీరేం తప్పు చేయలేదు. నిమ్మ, కరివేపాకు మీద పెరిగే ఆ పురుగుకు పరాన్నభుక్కులు చాలా ఉన్నాయి. ఏది వచ్చిందో బయటికొచ్చిన తీరును బట్టి చెప్పొచ్చు. ఒకటో రెండో సన్నటి చిల్లుల్లోంచి లోహపు ఆకుపచ్చ మెరుపుతో పదుల కొద్దీ వస్తే అవి టెరోమాలస్ కోవవి. ఈ తల్లి భలే ఓపికది. పురుగు ప్యూపా కాబోయే సమయానికి వచ్చి పక్కనే కాచుకుని, చర్మం వదిలి ప్యూపా ఇంకా మెత్తగా ఉండగానే గుడ్లు పెడుతుంది. పెద్ద గుండ్రటి చిల్లు ఒకటే ఉండి, నల్లటి లావు తొడల కందిరీగ ఒక్కటే వస్తే బ్రాకీమీరియా. ప్యూపాలోంచి తెల్లటి పురుగు జారి కిందపడి, గోధుమ రంగు గింజలా మారి, అందులోంచి వచ్చింది మాత్రం కందిరీగ కాదు, టకినిడ్ ఈగ.

మళ్లీ పెంచాలనుకుంటే గుడ్డు దశలోనే తెచ్చి దోమతెరలో ఉంచండి. గుడ్డును కూడా వదలని జాతులున్నాయి కాబట్టి అప్పుడూ గ్యారంటీ లేదు. పాపకు మాత్రం దాచకుండా చెప్పండి. పిల్లలు మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారు, ఎక్కువ టెన్షన్ పడేది పెద్దవాళ్లే.

గొంగళి పురుగు మీద తెల్లటి బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయి. దాని గుడ్లా?

గొంగళి పురుగు గుడ్లు పెట్టదు. అవి కోటీసియా, అపాంటెలిస్ లాంటి బ్రాకోనిడ్‌ల పట్టుగూళ్లు. పిల్లలు లోపల పెరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చి గూడు అల్లుకుంటాయి. పురుగు ఇంకా కదులుతూనే ఉండొచ్చు గానీ ఇక తినదు, బతకదు. దాన్ని అలాగే వదిలేయండి.

ఇంకో విడ్డూరం కోపిడోసోమా. ఇది పెట్టేది ఒక్క గుడ్డే, కానీ ఆ గుడ్డు లోపల విడిపోతూ పోయి ఒకే పురుగులోంచి రెండు వేలకు పైగా కందిరీగలు రాగలవు. క్యాబేజీ కుండీలో గొంగళి పురుగు బిగుసుకుపోయి, చర్మం నిండా చిన్న చిన్న బొడిపెలతో కనిపిస్తే దీన్ని అనుమానించండి.

కిటికీ మూల మట్టి గూడు దగ్గర మెరిసే నీలం-ఆకుపచ్చ కందిరీగ తిరుగుతోంది. గూడు దానిదేనా?

కాదు, అది దొంగతనానికి వచ్చింది. క్రైసిడిడ్ అంటారు. ఒళ్లంతా సన్నటి గుంటలు, ముట్టుకుంటే ఉండ చుట్టుకుంటుంది. గూడు కట్టిన కందిరీగ మత్తు పెట్టిన గొంగళి పురుగులనో సాలీళ్లనో లోపల పేర్చి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. క్రైసిడిడ్ ఆ గూట్లో తన గుడ్డు కూడా పెడుతుంది.

మన పెద్దలు చెప్పే భ్రమర కీటక న్యాయం పుట్టింది ఈ గూళ్ల దగ్గరే. లోపలికి పురుగు వెళ్లింది, బయటికి భ్రమరం వచ్చింది, కాబట్టి పురుగే భ్రమరాన్ని తలచుకుని తలచుకుని అదైపోయింది అన్నారు. చూసింది నిజమే. నడుమ గూట్లో జరిగింది మాత్రం భోజనం.

ఇంట్లో గోడ మీద నల్లటి పురుగు, పొట్ట జెండాలా పైకీ కిందికీ ఊపుతోంది.

ఇవానియా. గొడ్డలి ఆకారంలో చిన్న పొట్ట, నీలం కళ్లు ఉంటాయి. బొద్దింక గుడ్ల పెట్టెలో గుడ్డు పెడుతుంది. అది కనిపించిందంటే మీ ఇంట్లోనో డ్రైనేజీలోనో బొద్దింకలున్నట్టే.

బియ్యం డబ్బాలో చిన్న నల్ల రెక్కల పురుగులు?

ముక్కపురుగుల మీదో, గూళ్లు కట్టే బూడిద రంగు రెక్కల పురుగు పిల్లల మీదో వచ్చిన పరాన్నభుక్కులు కావచ్చు. బియ్యాన్ని అవి తినవు. జల్లించి ఆరబెట్టుకోండి, భయపడాల్సిన పనిలేదు.

మేడికాయ మీద పొడవాటి తోకతో బుల్లి కందిరీగలు గుచ్చుతూ కనిపించాయి. మేడిపండులో పురుగులంటే ఇవేనా?

ఇవీ, వీటి చుట్టాలూ. మేడి, మర్రి, రావి పూలు కాయ లోపలే ఉంటాయి. వాటికి పరాగసంపర్కం చేసే కందిరీగ కొసన ఉన్న రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. మీరు చూసిన పొడుగు తోకవి లోపలికి వెళ్లవు, బయటినుంచే సూది దించి గుడ్లు పెడతాయి. కొన్ని లోపలి పూలలో పెడితే, కొన్ని అక్కడి కందిరీగ పిల్లల మీద పెడతాయి. గట్టి కాయను అంత సన్నటి సూది ఎలా తొలుస్తుందంటే, దాని కొసన జింకు ఉంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2014లో అపోక్రిప్టా అనే కందిరీగలో దీన్ని చూపించారు. మేడిపండు పొట్ట విప్పి చూసి మొహం చిట్లించేవాళ్లు ఈసారి భూతద్దం కూడా తెచ్చుకుంటే బాగుంటుంది.

ఫోటో ఎలా తీయాలి? నాది మామూలు ఫోనే.

ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్సు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, అది చాలు. ఎండెక్కక ముందు పురుగులు బద్ధకంగా ఉంటాయి, ఆ సమయం ఎంచుకోండి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, వీలైతే రెక్క పరచుకున్నప్పుడు ఒకటి కావాలి. అందమైన మొహం ఫోటో ఒక్కటే పంపితే గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. గాలి ఉంటే వీడియో తీసి అందులోంచి మంచి ఫ్రేము తీసుకోండి. పురుగు వెళ్లాక అదే పువ్వు పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో తీస్తే సైజు తెలుస్తుంది.

అసలు నిలవకపోతే పారదర్శకమైన చిన్న డబ్బాలోకి పట్టి ఐదారు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. బయటికి తీశాక కాసేపు మత్తుగా ఉంటుంది, ఆ లోపు తీసి వదిలేయొచ్చు. కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం కాబట్టి అక్కడ పట్టే పని పెట్టుకోకండి, ఫోటోతో సరిపెట్టుకోండి.

యాప్ ఏదో జాతి పేరు చెప్పింది. నమ్మొచ్చా?

కుటుంబం దాకా నమ్మి, జాతి పేరు పక్కన పెట్టండి. యాప్‌లు ఇప్పటికే తమ దగ్గరున్న ఫోటోలతో పోల్చి చెబుతాయి. మన దేశపు బుల్లి కందిరీగల ఫోటోలు వాటిలో తక్కువ, అందుకే యూరప్‌లోనో అమెరికాలోనో ఉండే జాతి పేరు తరచుగా వస్తుంది. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ రెండింటిలోనూ మనుషులు చూసి సరిదిద్దే ఏర్పాటు ఉంది. ఏ మొక్క మీద, ఏ పురుగులోంచి, ఏ తేదీన అన్నది రాస్తే మీ ఫోటో విలువ పెరుగుతుంది.

పసుపు జిగురు అట్టలు పెట్టాను. వాటికి ఇవి కూడా అంటుకుంటున్నాయి.

అంటుకుంటాయి. తెల్లదోమను లాగే పసుపు రంగే వీటినీ లాగుతుంది. పరిశోధకులు వీటిని పట్టడానికి వాడేదే పసుపు పళ్లెం. అందులో నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి మొక్కల మధ్య పెడతారు. మీ మిద్దె మీద ఏమున్నాయో తెలుసుకోవడానికి ఒక పూట ఆ పళ్లెం పెట్టండి, తప్పులేదు. అట్టలను మాత్రం ఏడాది పొడుగునా వేలాడదీయకండి. తెల్లదోమ ఉధృతంగా ఉన్నప్పుడు పెట్టి, తగ్గగానే తీసేయండి.

ట్రైకోకార్డులు కొని వేలాడదీస్తే పిండినల్లి పోతుందా?

పోదు. ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు ఉండే గుడ్డు పరాన్నభుక్కు, అదీ రెక్కల పురుగులు, అంటే చిలక పురుగుల గుడ్లకే. టమాటాలో కాయ తొలిచే పురుగుకు పనికొస్తుంది, పిండినల్లికీ పేనుబంకకూ పనికిరాదు. అమ్మేవాళ్లు అందరూ ఈ మాట చెప్పరు. ఒక కార్డు మీద సుమారు 20 వేల గుడ్లు అంటించి ఉంటాయి, అవన్నీ బియ్యంలో గూళ్లు కట్టే రెక్కల పురుగు గుడ్లే. పరాన్నభుక్కు పట్టినవి నల్లగా మారతాయి. ఒక మిద్దెకు పూర్తి కార్డు ఎక్కువే, ఇరుగుపొరుగు కలిసి కొని ముక్కలు పంచుకోండి. సాయంత్రం పూట, ఆకు అడుగున, చీమలు రాని చోట కట్టండి. ఆ వారం ఏ మందూ కొట్టకూడదు.

మందు కొట్టక తప్పదనుకుంటే ఏది?

గట్టి నీళ్ల జల్లు, చేత్తో తుడవడం, కొసలు తుంచడం అయ్యాక వేపనూనె, సబ్బు నీళ్లు. అవి కూడా సాయంత్రం, పురుగు పట్టిన కొమ్మకే, పూలకు తగలకుండా. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి కుండీలో పోస్తే మొక్క పీల్చుకుని తేనెలోకి కూడా పంపుతుంది. పురుగు పోయాక కూడా ఆ పూల మీదికి వచ్చే కందిరీగలకూ తేనెటీగలకూ అది అందుతూనే ఉంటుంది.

ఎవరికైనా చూపించాలంటే? చచ్చిన పురుగును ఎలా దాచాలి?

నగరంలో రాజేంద్రనగర్ వైపు చూడండి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రెండూ అక్కడే ఉన్నాయి. మిత్ర పురుగుల మీద పనిచేసేవాళ్లు అక్కడ ఉంటారు. ముందు ఫోన్ చేసి వెళ్లండి. మసక ఫోటో కాకుండా పురుగును తీసుకెళ్తే వాళ్లకు పని సులువు.

దాచడానికి చిన్న మూత సీసా, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు. దూదిలో చుట్టొద్దు, కాళ్లు, మీసాలు విరిగిపోతాయి. అగ్గిపెట్టెలో అస్సలు వద్దు, రెండో రోజుకల్లా చీమలు మోసుకుపోతాయి. తేదీ, పేట పేరు, మొక్క, ఏ పురుగులోంచి వచ్చింది అన్నవి చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.